ఓడ దిగిన కారులో మూడో పంపు

మామయ్యా, దండాలు. మీరు వెళ్లి ఏడు నెలలైంది. ఇక్కడ మన దీవిలో, ప్రోతరాపూర్‌లో అందరం బాగానే ఉన్నాం. మీ రేకుల షెడ్డు తలుపు తీయడానికి మీ అబ్బాయి ఇంకా జంకుతున్నారు. నేనే తీస్తున్నాను.

పోయిన నెల నా రేసు కారు మళ్లీ ఓడెక్కి చెన్నై వెళ్లింది. ప్రాక్టీసులో రెండో రౌండుకే దగ్గి ఆగిపోయింది... మళ్లీ ఫ్యూయల్ పంపే. ఏడాదిలో మూడోది!

నాసిరకం పంపు, కొత్తది వేసేద్దామన్నారు మా టీమువాళ్లు. నాకు మీరు గుర్తొచ్చారు. ముప్పై ఏళ్లు ఓడ ఇంజన్‌రూములో ఫిట్టరుగా చేసిన మనిషి, కోడలి కారు పంపులు రెండూ రంపంతో కోసి, పాత పేపరు మీద ముక్కలు పరుచుకుని కూర్చోవడం... "బేటీ, పాడైందని పారెయ్యకు. ఎందుకు పాడైందో సూడు" అనేవారు.

పెట్రోలు వడకట్టే జాలీకి పట్టిన మడ్డి చూపించారు. ఉబ్బి మెత్తబడ్డ రబ్బరు గొట్టం, మోటారులో నల్లబడ్డ రాగి చూపించారు. ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత ట్యాంకులో మురికిని ఊడదీస్తుందని, అది జాలీకి అడ్డం పడితే పెట్రోలు అందక పంపు వేడెక్కిపోతుందని చెప్పారు. "ఇంకోటేదో ఉంది, నాకందట్లేదు" అన్నారు. అది అందేలోపే ఆసుపత్రిలో చేరారు, మళ్లీ ఇంటికి రాలేదు.

ఈసారి వెంటనే కొత్త పంపు వేయనివ్వలేదు. ట్యాంకు అడుగునుంచి పెట్రోలు గాజుసీసాలోకి పట్టాను. రెండు పొరలుగా విడిపోయింది మామయ్యా! పైన పెట్రోలు, కింద నీళ్లు కలిసిన ఇథనాల్. చూస్తే ట్యాంకు మూత రబ్బరు బీటలిచ్చి ఉంది. ఓడలో అన్ని రోజులూ అడుగున కాస్త పెట్రోలుతో ఉన్న ట్యాంకులోకి సముద్రపు తేమ చేరింది. ఇథనాల్ దాన్ని పీల్చుకుంది. పంపు తాగింది ఆ నీళ్లే. మొదటి రెండూ ఇందుకే పోయాయా? ఒట్టేసి చెప్పలేను. మీరుంటే ఏమనేవారో...

ట్యాంకు కడిగి ఆరబెట్టి, గొట్టం, మూత, జాలీ మార్చి, అప్పుడు వేశాం కొత్త పంపు. మర్నాడు రేసులో చివరిదాకా పరిగెత్తింది. వచ్చింది తొమ్మిదో స్థానమే. అయినా కారు దిగి ఏడ్చేశాను.

ఒక మాట దాచుకోలేకపోతున్నాను. మొదటి పంపు పోయినప్పుడు, ఓడలు చూసిన ముసలాయనకి రేసు కార్లేం తెలుసని మీ అబ్బాయితో అన్నాను. మీరు వరండాలోనే ఉన్నారు. విన్నారా? విని కూడా మర్నాడు పొద్దున్నే నా కారు దగ్గరికి వచ్చారా?

పక్క టీమువాళ్లు ఆ సీసా చూసి, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు. మా మామయ్య దగ్గర అన్నాను. ఇకమీదట ఎవరడిగినా అదే చెబుతాను.

మీ కోడలు,
పార్వతి