నిమిషానికి పదకొండు చుక్కలు

సోమవారం, 3వ తేదీ. ఉదయం 6.15

బడి వదిలాక నేను కలం పట్టింది సంతకాలకీ, శుభలేఖల మీద చిరునామాలకీ మాత్రమే. ఇవాళ ఈ నోటుబుక్కు తెరవడానికి కారణం మా ఆయన అక్కగారు, అంటే మా వదిన. నిన్న మెట్ల మీద నిలబడి, "నీ మాట నీకే వినపడదు, ఇంకెవరికి గుర్తుంటుందమ్మాయ్?" అంది. అందుకని రాసి పెడుతున్నాను. రాసినదానికి గొంతుతో పని లేదు.

సంగతి: నాన్న మోటారుసైకిలు. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. నాన్న పోయాక అన్నయ్యలు పాత ఇనుముకి వేసేస్తామంటే నేను తెప్పించుకున్నాను. కింద వాకిట్లో ఉంటుంది. దాని పక్కనే కింది వాటాలో ఉండే వదిన వంటింటి కిటికీ. ట్యాంకు కింది కొళాయిలోంచి పెట్రోలు కారుతోంది. గోడకి అటు పొయ్యి, ఇటు పెట్రోలు. వదిన భయం న్యాయమైనదే. (ఇక్కడ మాత్రమే ఒప్పుకుంటున్నాను.)

వదిన పెట్టిన గడువు ఆదివారం. ఆలోగా కారడం ఆగకపోతే బండి వీధి చివరి కాఫీ హోటలాయనకి వెళ్ళిపోతుంది. ఆయన దాన్ని గోడకి తగిలిస్తాడట! అలంకారానికట!

తీర్మానాలు:
1. నేనే బాగుచేస్తాను. మెకానిక్ గడప తొక్కను. నాన్న ఆ బండిని ముప్పై ఏళ్ళు ఎవరి చేతికీ ఇవ్వలేదు.
2. ఎవరి మీదా విసుక్కోను, గొంతు పెంచను.
3. నట్టుల కోసం, బోల్టుల కోసం దేవుణ్ణి ఇబ్బంది పెట్టను. ఆయనకి చాలా పనులుంటాయి.

6.50. కింద గిన్నె పెట్టి, గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి పదకొండు చుక్కలు. రోగం తెలిసింది, ఇంక వైద్యమే! ఎంత హాయిగా ఉందో.

మంగళవారం. 10.00

ఒంటి సబ్బు మెత్తగా నలిపి కొళాయి చుట్టూ మెత్తాను. దారిలో బండి మొరాయిస్తే నాన్న ఇలాగే చేసేవారు.

10.20. ఒక్క చుక్క లేదు!!

11.05. నాలుగు.

12.30. పదకొండు. సబ్బు చెక్కుచెదరలేదు. పెట్రోలే పక్కనుంచి ఇంకో దారి వెతుక్కుంది.

మా ఆయన మధ్యాహ్నం భోజనానికి ఆఫీసు నుంచి వచ్చి చూశారు. "ఏమిటే, బండికి స్నానం చేయిస్తున్నావా?"

విసుక్కోలేదు. తువ్వాలు అందించాను.

ఆయన వెళ్ళాక కొళాయి ఊడదీసి, పెట్రోలంతా డబ్బాలోకి వంచేశాను. కొళాయిని సబ్బు పోయేదాకా కడిగి, మేడ మీద ఉతికిన బట్టల పక్కన ఎండకి పెట్టాను. ఏ వస్తువైనా కడిగి ఎండబెడితే సగం బాగుపడుతుందని నా నమ్మకం.

బుధవారం. 11.15

కొళాయి బిగిస్తుంటే పానా జారి వేలు చితికింది. గట్టిగానే అరిచాను. పానా మనిషి కాదు కాబట్టి రెండో తీర్మానం చెడినట్టు కాదు.

3.00. బిగించి పెట్రోలు పోసినా కారుతోంది, కొత్త వాషరు కావాలి. ఆయన రబ్బరు చెప్పు మడమలోంచి గుండ్రంగా ఒక ముక్క కోశాను. పాత చెప్పే అనుకున్నాను.

4.30. చుక్క లేదు. 5.00. లేదు. 5.30. లేదు!! వంట చేస్తూ కూనిరాగం తీశాను.

7.00. "నా చెప్పుకి ఈ కన్నమేమిటే?"

"ఎలకండీ."

ఆయన చెప్పు పైకెత్తి, కన్నంలోంచి నన్ను చూశారు. "ఎంత గుండ్రంగా కొరికిందీ! బాగా చదువుకున్న ఎలకలా ఉందే."

అబద్ధమాడాను. ప్రార్థనలో ఒప్పుకున్నాను. ఆయనకి మాత్రం ఒప్పుకోలేదు.

గురువారం. 6.30

పదిహేడు! రబ్బరు పెట్రోలు తాగి, ఉబ్బి, నాలుకలా బయటికి తోసుకొచ్చింది. వదిన పొయ్యి ఆపి, కిటికీ రెక్కలు దడాలున వేసింది. లోపలినుంచి, "మా మరదలి కారుణ్యం, ఇవాళ కూడా చల్లన్నమే!" అని వినిపించింది. ఆవిడ గొంతుకి మూసిన కిటికీ ఒక లెక్క కాదు.

మళ్ళీ ఊడదీయడం, వంచడం, కడగడం, ఎండబెట్టడం.

ఇవాళ దేవుణ్ణి అడిగాను. బోల్టు కాదు, నట్టు కాదు, వాషరు గురించి. తీర్మానంలో వాషరు పేరు లేదు.

శుక్రవారం. 9.40

మెకానిక్ గడప తొక్కలేదు. రోడ్డు మీద నిలబడి మాట్లాడాను.

"లోపలికి రండమ్మా, ఎండలో ఎందుకు?"

"వద్దు బాబూ. రానని రాసుకున్నాను."

మెకానిక్ నా చేతిలో కొళాయి తీసుకుని, లోపలి చిన్న బెండు బిరడాని గోటితో గీరి చూశాడు. "దీన్ని ఎక్కడ పెట్టేవారమ్మా?"

"శుభ్రంగా కడిగి ఎండబెడుతున్నాను. రోజూ."

ఆయన ముఖం చూస్తే, పసిబిడ్డని ఎండబెట్టానని చెప్పినట్టుంది. "అమ్మా, ఇది బెండు. తడిలో ఉంటే ఉబ్బి దారి మూసేస్తుంది. ఎండితే ముడుచుకుపోతుంది. బండి నడపక ట్యాంకు అడుగంటినా అంతే. మీరు రోజూ ట్యాంకు ఖాళీ చేసి, దీన్ని ఎండేసి, కారుతోంది కారుతోంది అంటే అదేం చేస్తుంది పాపం!"

వైద్యం: బిరడాని వేడినీళ్ళలో నానబెట్టాలి. బిగించి, ట్యాంకు నిండా పెట్రోలు పోసి వదిలేయాలి. రెండు మూడు రోజులు కారుతుంది. తర్వాత దానంతటదే ఆగుతుంది.

అంటే బండి జబ్బుని పెంచింది నా శుభ్రత!

శనివారం. 7.10

బిరడా వేడినీళ్ళ గ్లాసులో ఉంది. మా ఆయన అడగకుండానే పెట్రోలు డబ్బా తెచ్చి మెట్ల దగ్గర పెట్టారు. కానీ నిండు ట్యాంకు కారుతుంటే కింద పొయ్యి వెలిగించకూడదు. మూడు రోజులు మా మేడ మీద వండుకోమని వదినకి చెప్పాలి.

"మీరు చెప్పండి," అన్నాను.

"అక్క మాట కాదనలేను, నీ మాట కొట్టెయ్యలేను. నన్ను మధ్యలో నిలబెట్టకే."

8.00. మెట్ల మీద మూడుసార్లు మాటలు కూడబలుక్కుని దిగాను. వదిన కూరలు తరుగుతోంది.

"ఏంటి?" అంది.

"ఏం లేదు వదినా. కత్తి బాగా తెగుతోందా?"

మేడెక్కేశాను.

11.00. రెండోసారి దిగాను. ఉప్పు అడిగి తెచ్చుకున్నాను. మా ఇంట్లో ఉప్పు రెండు డబ్బాలుంది.

4.00. ట్యాంకులో పెట్రోలు పోయలేదు. చెప్పకుండా పోస్తే పాపం, చెప్పాలంటే నోరు రాదు. పోనీ, హోటలు గోడ మీదైతే వానకి తడవదు. పదిమందీ చూస్తారు. నాన్నకీ కాఫీ ఇష్టమే. ఇలా నాకు నేనే నచ్చజెప్పుకుంటున్నాను. ఏం నచ్చలేదు.

ఆదివారం. 12.00

 అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

పదింటికి హోటలాయన కొలత టేపు పట్టుకుని వచ్చాడు. బండిని అటూ ఇటూ కొలిచి, వదినతో అన్నాడు: "గోడకి ఇంత బరువు ఆగదండీ. నిలువునా సగానికి కోయించేస్తాను. ముందు పక్క చాలు."

"కొయ్యడానికి వీల్లేదు!"

ఎవరో అరిచారు. పక్కింటి మేడ మీద బట్టలారేస్తున్నావిడ తొంగి చూసింది. మా ఆయన వార్తాపత్రిక కింద పడేశారు. హోటలాయన టేపు చర్రున చుట్టుకుపోయింది. అందరూ నన్నే చూస్తుంటే అప్పుడు తెలిసింది, అరిచింది నేనే.

ఆగలేకపోయాను. "బండి ఇవ్వను. ఇది మా నాన్నది, ఇప్పుడు నాది. వదినా, ట్యాంకు నింపాలి, మూడు రోజులు నువ్వు పొయ్యి వెలిగించకూడదు, మా ఇంట్లో వండుకో!"

వదిన చేతిలో గరిటె అలాగే ఉంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఈ మాట నిన్ననే చెప్పొచ్చుగా? ఉప్పెందుకూ?" అంది. తర్వాత హోటలాయన వైపు తిరిగి, "వినపడలేదా బాబూ? మా మరదలు ఇవ్వనంటోంది," అంది.

రెండో తీర్మానం కూడా పోయింది. మూడుకి మూడూ!

సోమవారం, 10వ తేదీ. 6.20

ట్యాంకు నిండా పెట్రోలు. పొద్దున్న లెక్క: తొమ్మిది చుక్కలు.

వదిన మా వంటింట్లో ఉంది. డబ్బాలన్నీ దించి తన పద్ధతిలో సర్దేసింది. పంచదార ఎక్కడని మెల్లిగా అడిగాను. "నిన్న అడిగినట్టు అడుగు, చెబుతాను," అంది.

కొత్త తీర్మానాలు, ఇవాళ్టి నుంచి:
1. నేనే బాగుచేస్తాను. మెకానిక్ దగ్గరికి లోపలికే వెళ్తాను, కానీ పానా నేనే పట్టుకుంటాను.
2. గొంతు వారానికి ఒకసారి పెంచవచ్చు.
3. దేవుణ్ణి ఏదైనా అడగవచ్చు. నిన్న అంత గొంతు ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకే తెలియాలి.
4. బుధవారానికల్లా సున్నా చుక్కలు! ఖాయం!

ఈ కాగితాలు ఎవరికి దొరికినా సరే, పారేయకండి, దాచండి. చూపించవద్దు, ఎవరికీ. ఇందులో ఉన్నది ఇంకా నేర్చుకుంటున్న మనిషి.