పసుపు విమానానికి నల్ల ప్రైమర్

తమ్ముడూ,

నీ కొత్త ప్లాస్టిక్ బొమ్మ ఓడకు రంగు కింద తొలిపూతగా ఏ ప్రైమర్ వేయాలో అడిగావు. బూడిద రంగుదే వెయ్యి. ముందు సబ్బునీళ్లతో కడుగు. ఈసారి నిజమే చెబుతున్నాను.

పోయినసారి నీ పసుపు విమానానికి నల్లది వేయమన్నది కావాలనే. దాని మీద పసుపు మురికిగా కనిపిస్తుందని నాకు తెలుసు. నీకు రంగులేయడం నేర్పింది నేనైతే, మన బొమ్మల క్లబ్బులో అందరూ "మీ తమ్ముడి పనితనమే పనితనం!" అంటుంటే ఒళ్లు మండింది. తీరా చూస్తే ఆ నలుపే అతుకుల్లో నీడలా నిలిచి పోటీలో నీకు మొదటి బహుమతి తెచ్చింది. పైగా వేదికెక్కి "అంతా మా అక్క సలహానే" అన్నావు.

నిన్న నేనూ నా పసుపు విమానానికి నల్లదే వేశాను. బురదలో పొర్లిన గేదెలా ఉంది. నవ్వకుండా చెప్పు, పసుపు ఎన్ని పూతలు వేశావు?

నీ కుళ్లుబోతు అక్క