ఎండలో చెప్పిన అవును చెల్లదు

మే 19

నేను పుట్టి పెరిగిన బెర్గెన్ నుంచి అక్క తురిద్ ఫోన్ చేసింది. తన ఇంట్లో పై వాటా ఖాళీ అయిందట. ఒరే స్టైనార్, రిటైరయ్యాక కూడా ఆ హామార్‌లో కూర్చుని ఎవర్ని ఉద్ధరిద్దామని? వస్తావో రావో తేల్చు, జూన్ నెలాఖరు దాకా ఆగుతాను, తర్వాత ఎవరికైనా ఇచ్చేస్తాను అంది.

నేనైతే ఈ క్షణమే పెట్టె సర్దుతాను. తేల్చాల్సింది నా భార్య బెరిత్. పెళ్ళి చేసుకుని ఆమె కోసం నేను సముద్రం వదిలి ఈ సరస్సు ఒడ్డుకు వచ్చాను. ఇప్పుడు నా కోసం నువ్వు రా అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. అలా అడిగి తెచ్చుకుంటే అది రావడం కాదు.

మే 21

బెరిత్ ఒప్పుకుంది. ఉండటానికి కాదు, చూడటానికి. రెండు రోజులు. పెళ్ళిళ్ళకీ చావులకీ వెళ్ళిరావడమే తప్ప ఆ ఊరిని ఉందామనే కళ్ళతో తను ఎప్పుడూ చూడలేదట. చూసి అవునో కాదో ఒక్కసారే చెబుతుందట. కాదంటే ఆ మాట మళ్ళీ ఈ ఇంట్లో ఎత్తకూడదట.

ఇంకో కండిషన్. అక్కడున్నంతసేపూ మీ ఊరి గొప్పలు ఒక్కటి కూడా నీ నోట రాకూడదు, ఇన్నేళ్ళుగా విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి అంది.

బెర్గెన్‌వాణ్ణి పట్టుకుని గొప్పలు చెప్పొద్దనడం! సరేనన్నాను. ఇక గొప్పలన్నీ ఈ డైరీకే.

మే 22

మా ఊరు ఒకప్పుడు ఈ దేశంలోకెల్లా పెద్ద ఊరు. ఓస్లోవాళ్ళు మరిచిపోయారు. మేం మరిచిపోలేదు.

మే 26

ప్లాన్ వేశాను. జూన్ 13, 14. మొదటి రోజు సాండ్‌వికెన్ పేటలో పాత సందులు, అక్క ఇల్లు, చేపల సూప్. రెండో రోజు ఫ్లోయెన్ కొండ. నడిచే ఎక్కాలి, కేబుల్ రైలు టూరిస్టులకి. రాత్రికి అక్క వండే కాడ్ చేప. అది తిన్నాక ఎవరూ కాదనలేరు.

ఇక కావాల్సింది వాన. నేను బాగా ఆలోచించే రాస్తున్నాను. ఎండలో ఏ ఊరైనా బాగుంటుంది, హామార్ కూడా బాగుంటుంది. ఏడాదిలో సగానికి పైగా వాన పడే మా ఊరి అసలు ముఖం తడి ముఖం. అది నచ్చితేనే నచ్చినట్టు. ఎండ చూపించి తీసుకెళ్ళి, నవంబర్‌లో నన్ను మోసం చేశావు అని ఆమె చేత అనిపించుకోలేను.

ఆమెకి మంచి వానకోటు కొన్నాను. పసుపుపచ్చది.

జూన్ 9

వెదర్ చూశాను. రెండు రోజులూ ఎండట. సిగ్గుచేటు.

జూన్ 10

అక్కతో చెబితే పడీపడీ నవ్వింది. ఊరంతా ఎండ కోసం మొహం వాచి ఉంటే నీకు వాన కావాల్సొచ్చిందా, నీ పిచ్చి తగలెయ్య అంది.

జూన్ 13, సాయంత్రం

మబ్బు తునక లేదు. ఊళ్ళో సగం మంది చొక్కాలు విప్పేసి గడ్డి మీద దొర్లుతున్నారు. వానకోటు పెట్టెలోనే ఉంది.

నేను మాట తప్పలేదు. సాండ్‌వికెన్ మెట్ల దగ్గర ఒక ముసలాయన కిటికీకి రంగు వేస్తున్నాడు. బెరిత్ బాగుందనగానే బ్రష్ పక్కన పెట్టి, కాఫీ తెచ్చి, ఆ సందు చరిత్రంతా చెప్పాడు. మాలాంటి ఊరు ప్రపంచంలో ఇంకోటి లేదమ్మా అన్నాడు. బెరిత్ నావైపు అనుమానంగా చూసింది. ఒట్టు, ఆయనెవరో నాకు తెలియదు.

జూన్ 14

ఫ్లోయెన్ పైన కూర్చున్నాం. కింద ఊరు, సముద్రం, ఓడలు. బెరిత్ చాలాసేపు చూసి, అవును, ఇక్కడే ఉందాం అంది.

నేను చెల్లదన్నాను.

నా నోటితో నేనే అన్నాను. ఎండలో చెప్పింది చెల్లదు, వాన చూశాక చెప్పు అన్నాను. ఆమె మొహం మాడిపోయింది. ఇన్నేళ్ళకి నీకు కావాల్సిన మాట చెబితే చెల్లదంటావా? ఏమయ్యా, నీకు ఊరు కావాలా, పంతం కావాలా? అంది. నాకంటే ముందే కొండ దిగి, జరిగిందంతా అక్కకి చెప్పేసింది.

అక్క చేపల గిన్నె బల్ల మీద ఠక్కున పెట్టింది. ఒరే మొండివాడా, మరదలు ఒప్పుకుంటే కాదనడానికి నువ్వెవడివిరా? ఇక నెలాఖరు దాకా ఆగేది లేదు, రేపు సాయంత్రం ఇల్లు చూడ్డానికి వేరేవాళ్ళని రమ్మన్నాను, ఇంక నన్నడగొద్దు అంది.

నేను చేసింది తప్పు కాదు. ఎండను చూపించి బెర్గెన్‌ను అంటగట్టడం నా వల్ల కాదు. మా ఊరు అంతకంటే గొప్పది.

భయంగా ఉంది.

జూన్ 15, ఉదయం, రైల్లో

తిరుగు రైలు ఇంకా కదల్లేదు. బెరిత్ నావైపు తిరగకుండా కిటికీలోంచి చూస్తోంది. ఇందాక స్టేషన్‌కి వస్తుంటే ఉల్రికెన్ కొండ వైపు నల్లగా మబ్బు పట్టింది. 

స్టేషన్ కప్పు మీద చప్పుడు.

బెరిత్ లేచింది. పెట్టె దించుతోంది.

జూన్ 15, మధ్యాహ్నం

రైలు వెళ్ళిపోయింది. బెరిత్ స్టేషన్ బయట వానలో నిలబడింది, కోటు కూడా లేకుండా. జుట్టు మొహానికి అంటుకుపోయేదాకా నిలబడి, ఇప్పుడూ అవుననే అంటున్నాను, చెల్లుతుందా అంది.

చెల్లుతుందన్నాను.

వదినా, ఆ వచ్చేవాళ్ళని రావొద్దను అని ఫోన్ తనే చేసింది.

ఇంకా పడుతోంది. ఇంత బాగా ఇంకే ఊళ్ళోనూ పడదు.