ఎవరి వంతులో విరుగుతుందో

జూన్ 8, ఆదివారం

నా రాత బాగుండదు. బడిలో నేర్చింది కన్నడం. తెలుగు అక్షరాలు నాయన అరుగు మీద కూచోబెట్టి దిద్దించినవే. ఒత్తులు తప్పుతాయి, తలకట్లు కన్నడం మాదిరి పడతాయి. తప్పుంటే క్షమించాలి... ఎవరు క్షమించాలి? చదివేవాళ్ళు లేరు. నోటితో అనలేనివి ఇక్కడ పెడుతున్నాను, అంతే.

రేపటి నుంచి పికప్ నా వంతు.

జూన్ 9, సోమవారం

తమ్ముడు చలపతి బండి తెచ్చి నిలిపాడు. దిగాడు. కాఫీ తాగమన్నా తాగడు. భాగాలు పంచుకున్నప్పటి నుంచి ఇంతే. బోరు నీళ్ళకూ వంతులే. పికప్‌కూ అదే లెక్క — వారం వాడు, వారం నేను. ఎవరి వంతులో చెడిపోతే వాళ్ళే బాగు చేయించాలి. పెద్దమనుషుల ముందు ఇద్దరం తలూపిన మాట.

స్టీరింగు పక్కన కొత్త మీటరు. గుండ్రంగా.

"ఏమిరా ఇది?"

"టర్బో బూస్టుది. ఇంజనుకు గాలి పెంచిచ్చినా, డీజిలూ పెంచిచ్చినా, బాగా లాగతాది. నీకెందుకులే అన్నా, నువ్వు ఎద్దులబండి తోలినట్ట తోలేవానివి."

బండిలో సగం నాది. ఒక్క మాట అడగలేదు. పళ్ళు రాలగొట్టాలనిపించింది. తాళంచెవి తీసుకున్నాను. వాడికి ఎప్పుడు ఎదురన్నాను గనక.

జూన్ 10, మంగళవారం

టమోటా లోడు. పాతపాళ్య నుంచి చింతామణి మండీకి. చేలూరు అవతల గుట్ట ఎక్కుడు — లోడుంటే ఎప్పుడూ రెండో గేరే. ఈరోజు దించకుండా చూశాను. నాలుగులోనే లాగింది. మెల్లగా, గుర్రుమంటూ... లాగింది. ముందరి బండ్లను దాటాను. నా వయసులో.

మండీలో మా బాక్సులు ముందు దిగాయి. వేలంలో ముందు పిలిచారు.

వాడికి చెప్పను.

జూన్ 11, బుధవారం

నాలుగులోనే. పై గేరులో మెల్లగా పోతే డీజిలు మిగులుతుంది. చదును దారిలో ఎప్పటి అలవాటో ఇది. దీన్నే వాడు ఎద్దులబండి అంటాడు.

జూన్ 13, శుక్రవారం

లోడు దించి బాషా షెడ్డుకు పోయాను. బూస్టు పెంచిన మహానుభావుడు ఇతనే. మొహం చూస్తేనే ఒళ్ళు మండింది. వాకిట్లో నిలబడ్డాను, అడగడానికి నోరు రాదు. చివరికి అతనే —

"ఏం కావాలప్పా?"

"ఇంజను ఎంత తట్టుకుంటాది?"

"పైన నేను చూసుకున్నా. కింద క్రాంకు, రాడ్లు, బేరింగులు అంతా కంపెనీవే. కంపెనీ పెట్టిన గాలికి అవి చాలు. ఇప్పుడు దానిమింద ఇంకా పెట్టినాం గదా."

"అదే. ఎంత దాకా?"

"ఇరిగినాక తెలుస్తాదప్పా!"

నవ్వాడు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. పోతుంటే వెనక నుంచి అడిగాడు — "ఎక్కుడులో యా గేరు ఏస్తాండావు?"

"నాలుగు."

నవ్వు ఆగింది.

"నాలుగా! అట్ట చేయొద్దప్పా. ఇంజను మెల్లగా తిరగతా ఉంటే నువ్వు కిందికంటా తొక్కితే, ఆ బరువంతా రాడ్ల మింద పడతాది. వంగుతాయి. మీ తమ్ముడు గేరు దించి బాగా తిప్పి పోతాడు, ఆయప్ప చేతిలో తట్టుకుంటాది. నీ చేతిలో..."

మిగతాది మింగాడు.

పెంచింది వీళ్ళు. తప్పు నా కాలిదట.

జూన్ 14, శనివారం

ఈరోజూ నాలుగులోనే ఎక్కించాను. కావాలనే.

జూన్ 16, సోమవారం

వాడి వంతు. బండి అప్పగించడానికి పోతూ దారంతా కూర్చుకున్న మాట ఎట్లో బయటికి వచ్చింది.

"మళ్ళా పాతట్ట చేయించు."

"చేయించను. మండీకి అందరి వెనకాల పోయి మిగిలిన ధరకు పోసిరావాల్నా?"

"చెడిపోతే?"

"ఎవురి వంతులో చెడితే వాళ్ళు. నువ్వూ తలూపినావు గదన్నా."

ఊపాను.

జూన్ 19, గురువారం

నా ఇంటి ముందుకు రాగానే కావాలని తొక్కుతాడు. టర్బో ఈల వేస్తుంది. "మీ తమ్ముడు పోతాండాడు," అంటుంది లక్షుమ్మ లోపల నుంచి. నా పెళ్ళానికి నేను చెవిటివాడిలా కనిపిస్తానేమో.

జూన్ 25, బుధవారం

నా వంతు. ఎక్కుడులో ఇంజను కింద నుంచి శబ్దం. టక్... టక్... కాలు తీస్తే లేదు. తొక్కితే ఉంది.

గేరు దించాను. అయినా ఉంది.

"ఏమయిందప్పా, మొగం అట్ట పెట్టినావు?" అంది లక్షుమ్మ. ఏమీ కాలేదన్నాను.

జూన్ 26, గురువారం

బాషాకు ఫోన్ చేసి ఇంజను దగ్గర పట్టాను. విన్నాడు.

"రాడు బేరింగు మాదిరి ఉండాది. లోడు ఎక్కించొద్దు. కింద ఆయిలు చాంబరు ఇప్పి చూడాల."

"బేరింగు పోతే ఏమవుతాది?"

"రాడు ఇరిగి బ్లాకును పొడుచుకోని బయటికొస్తాది. ఇంజను ఆడికాడికి నిలుస్తాది. బ్రేకు గట్టిపడతాది, స్టీరింగు తిరగదు. ఎక్కుడులో లోడుతో అయితే... వద్దులేప్పా. తీసుకోనిరా."

తీసుకుపోతే నా వంతులో చెడినట్టు. నా చేతిలో చెడినట్టు. ఊరంతా చెబుతాడు — ఎద్దులబండి తోలేవాడు ఇంజను చంపినాడని.

పోలేదు.

జూన్ 27, శుక్రవారం

కాయ ఇంకా పండలేదని చెప్పి లోడు వేయలేదు. పండి రాలుతోంది. బండి చింతచెట్టు కింద ఉంది. అది అక్కడ కదలదు, నేను ఇక్కడ కదలను.

సోమవారం వాడి వంతు. అంతదాకా ఓపిక పట్టాలి. ఈ మాట రాయకూడదనుకున్నాను. రాశాను.

జూన్ 29, ఆదివారం

"రేపు లోడుతో రత్నమ్మ కూడా పోతాదంట," అంది లక్షుమ్మ. "చింతామణిలో కన్ను చూపిచ్చుకోవాలంట."

తమ్ముడి పెళ్ళాం ఎప్పుడూ నాతో పరుషంగా మాట్లాడలేదు.

"పోతే పోనీ," అన్నాను.

లక్షుమ్మ గరిటె దించి నన్ను చూసింది.

జూన్ 30, సోమవారం

పొద్దున్నే వచ్చాడు. తాళంచెవి ఇచ్చాను.

"డీజిలు ఉండాదా, తాగిచ్చేసినావా?"

"ఉండాది."

స్టార్ట్ చేశాడు. ఊరికే తిరిగేటప్పుడు శబ్దం లేదు. దొంగముండ, ఇప్పుడు లేదు. రత్నమ్మ ఎక్కింది, కంటికి తడిగుడ్డ పెట్టుకుని. "పోయొస్తా బావా," అంది. తలూపాను.

వాడు కిటికీలో నుంచి, "ఏమన్నా చెప్పాల్నా? ఊరికే నిలబడినావు?"

రాడు, బేరింగు, బాషా... అన్నీ నాలుక మీదే ఉన్నాయి.

"మెల్లగా పో," అన్నాను.

"నేనా! నీ మాదిరా!"

ఈల వేసుకుంటూ పోయాడు.

*

మళ్ళా రాస్తున్నాను. లోడు వేసుకుని బయలుదేరారట, లక్షుమ్మ చూసి వచ్చింది. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళా చేశాను. నా పేరు చూసే ఎత్తడు, నాకు తెలుసు. రత్నమ్మ దగ్గర ఫోన్ లేదు. బాషాకు చేశాను — "ఎక్కిచ్చినావా లోడు!" అని అరిచాడు, పెట్టేశాను.

ఇప్పటికి చేలూరు దాటి ఉంటారు.

రింగు పోతూనే ఉంది. ఇంజను నేనే చంపానను, నా చేతిలోనే చెడిందను, ఊరంతా చెప్పుకో, బాగు చేయిస్తాను — ఎత్తరా చలపతీ. తొందరగా ఎత్తి తిట్టరా.