ముందు నీ బిడ్డకే

అక్కా,

ఈరోజు మన దవాఖానలో ఆడపిల్లలకు గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా మొదలుపెట్టాం. నిన్ను తీసుకుపోయిన క్యాన్సరే.

శంకరంపేట నుంచి వచ్చిన తల్లులు, "మీ బిడ్డలకు ఏసిండ్రా సిస్టరమ్మా?" అని అడిగారు. నర్సులం ఎవరమూ వేయించలేదు. నువ్వు మాతో నర్సుగా ఉన్నప్పుడు ఏ టీకా వచ్చినా అందరి ముందు నీ కూతురికే మొదట వేసేదానివి.

నాతో వచ్చిన నీ కూతురే ఇప్పుడూ చెయ్యి చాపింది. "ముందు నాకెయ్యి చిన్నమ్మా."

వేశాను. అప్పుడు కదిలింది వరుస. సాయంత్రానికి నా భుజాలు లాగేశాయి.

టీకాల డబ్బా సర్దుతుంటే నీ కూతురు అడిగింది: "గీ సూది ఉన్నదని అమ్మకు ఎరుకేనా?"

"ఇన్నేండ్లు కలిసి సూదులేసినం బిడ్డా. మా ఇద్దరికీ ఎరుక లేకుండె."