ఫోన్‌లో ఈత

బావా,

నా ఆన్‌లైన్ డిగ్రీని "ఫోన్‌లో ఈత నేర్చుకున్నట్టే" అన్నావు కదా. విదేశంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఉద్యోగానికి నిన్న వీడియోలో ఇంటర్వ్యూ అయింది. అక్కడి బడి హెడ్‌మాస్టరమ్మ కూడా ఇంచుమించు నీ మాటే అంది. "డిగ్రీ ఆన్‌లైన్‌దైనా పర్వాలేదు. ఎదురుగా మనుషుల్ని పెట్టుకుని ఎప్పుడైనా పాఠం చెప్పావా?" లేదన్నాను. చెప్తూ వీడియో తీసి పంపితే మళ్ళీ పిలుస్తానంది.

బడి మధ్యలో మానేసినవాణ్ణి, డిగ్రీదాకా ఈదుకొచ్చాను. ఒడ్డు కనిపిస్తుంటే ఆగను. నీ మెకానిక్ షెడ్డులో పనివాళ్ళకి టీ వేళ పాఠం చెప్పుకోనీ. గ్రీజు చేతులతోనే కూర్చోమను. నువ్వూ కూర్చో బావా. క్లాసులో వెక్కిరించేవాణ్ణి ఎలా దారిలో పెడతానో కూడా చూపించాలట. వెక్కిరించడంలో నిన్ను మించినవాడు నాకెక్కడ దొరుకుతాడు?

సోమవారం బోర్డు పట్టుకొస్తున్నా.

నీ బావమరిది