ఉల్లిపాయ వేయని శాండ్‌విచ్‌లు

వెర్న్,

డ్యూటీకి టైమైపోయింది. రేపటికి పడవను ట్రైలర్ మీదికి ఎక్కించి కట్టేశాను. రేపు సాయంత్రం మీరిద్దరూ ఒడ్డెక్కే చోటికి మా తమ్ముడు డ్వేన్ మన బండి తెచ్చి ఉంచుతాడు. చేపలకి వేసే ఈకల గాలాల డబ్బా షెడ్డులో ఉంది. శాండ్‌విచ్‌లు ఫ్రిజ్‌లో ఉన్నాయి. నీ పాత స్నేహితురాలు కొరీన్‌కి పడదని పదేపదే చెప్పావుగా, ఉల్లిపాయ వేయలేదు.

నిన్న ఫోన్లో ఆవిడతో, "నీలా గాలం విసిరేవాళ్లు మాడిసన్ ఏటి మీదే లేరు" అన్నావు. విన్నాను. నాతో మాత్రం "దారం చిక్కుపడింది, చూసుకో" అనడమే గానీ, ఒక్కనాడైనా మెచ్చుకున్నావా? ఒళ్లు మండిపోయింది.

మార్లా

అన్నట్టు, రేపటి డ్యూటీ మార్చుకున్నాను. నేనూ వస్తున్నాను. పడవలో గాలం విసరడానికి వీలైన ముందు సీటు నాది. తెడ్లు ఎవరు వేస్తారో మీరిద్దరూ తేల్చుకోండి.